దొంతరలో పై పెట్టె

ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్స్‌కు దగ్గరగా, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మా ఆఫీసు. పోర్టు చుట్టుపక్కల గోదాములకూ కంటైనర్ యార్డులకూ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చిన్న కంపెనీ. అందులో డేటాబేస్ పని నాది. మల్కాపురం దాటాక ఉండే ఒక యార్డు ప్రోగ్రాంను నాకంటే ముందున్న అతను రాసి, ఉద్యోగం మానేశాడు. అది నా చేతికొచ్చింది.

యార్డులో కంటైనర్ పెట్టెలను ఒకదానిమీద ఒకటి దొంతరగా పేరుస్తారు. దొంతరలు పక్కపక్కన నిలబడితే ఒక వరస. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. అందుకని ఒక్కో పెట్టె గురించి విడిగా అడగకుండా, వరస మొత్తాన్నీ ఒకేసారి స్టోర్డ్ ప్రొసీజర్‌కు, అంటే డేటాబేస్‌లోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాంకు పంపేవాళ్లు. పంపేది రెండు డైమెన్షన్ల అర్రే, అడ్డంగా నిలువుగా గళ్లున్న పట్టికలాంటిది. ఒకవైపు ఎన్నో దొంతర, ఇంకోవైపు కింద నుంచి ఎన్నో పెట్టె. కావలసిన పెట్టె పైనే ఉందో, దానిమీద వేరేవి ఉన్నాయో ప్రొసీజర్ చెప్పాలి.

ఒక మధ్యాహ్నం యార్డులోని క్రేన్ ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"ఏటి మేడం ఇది? మీ స్క్రీనేమో రొయ్యల పెట్టె పైనే ఉందంటంది. ఇక్కడ సూత్తే అడుగునుంది. లారీ వొచ్చీసి నిలబడిపోనాది."

ఆయన మాట్లాడుతుండగానే ప్రొసీజర్ తెరిచాను. తప్పు అక్కడే కనపడింది. నాకంటే ముందున్నతను అర్రేను విప్పి ఒకే పొడవాటి జాబితాగా చేసి, దాన్ని ఐదేసి పెట్టెల చొప్పున మళ్లీ దొంతరలుగా కోశాడు. మామూలు దొంతరకు ఐదు అంతస్తులే, కాబట్టి అన్నాళ్లూ నడిచిపోయింది. రొయ్యలు చెడకుండా కరెంటు ప్లగ్గు పెట్టే పెట్టెలకు ఇప్పుడు కొత్తగా వేసిన వరసలో మూడే అంతస్తులు. మూడేసిగా ఉన్నవాటిని ఐదేసిగా కోస్తే ఒక దొంతర పెట్టె పక్కదాంట్లోకి పోకుండా ఉంటుందా?

మా మేనేజరు అప్పటికే నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఈ అర్రేల గోల మనకొద్దమ్మా. తీసీసి మామూలు టేబుల్లో పెట్టీ."

"అర్రేలో తప్పు లేదు సర్. చదవడంలో ఉంది. యార్డుకెళ్లి సరిచేసి వస్తాను."

"షిఫ్టు మారేలోగా అవుతాదా?"

"అయిపోద్ది సర్."

ఆటోలోనే సగం రాసేశాను. యార్డులో ఒక రేకుల గదిలో కూర్చుని మిగతాది పూర్తిచేశాను. ఐదనే అంకెను తీసేశాను. ఎన్ని దొంతరలు, ఎన్ని అంతస్తులు అని ఆ అర్రేనే అడిగి, ఒక్కో దొంతరను విడిగా తీసుకుని, పై నుంచి కిందికి చూసేలా రాశాను. ఖాళీ చోట్లను అర్రేలో ఖాళీగానే ఉంచి, లెక్కలో మాత్రం దాటేయమన్నాను.

ఆపరేటర్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఈసారి తప్పు సెప్తే మిమ్మల్నే క్రేన్ ఎక్కించీత్తాను మేడం."

"ఎక్కుతాను అన్నా, భయమేటి?"

ఆయన నవ్వలేదు. "ముందు ఆ సివరాకరి దొంతర్లో ఏటుందో అడగండి."

అడిగాను. పెట్టెలు లేవని వచ్చింది. ఆయన బయటికి తొంగి చూసి తల ఊపాడు. ఆ చోటు ఖాళీగానే ఉంది.

అప్పుడు రొయ్యల పెట్టె నంబరు కొట్టాను. దానిపైన రెండున్నాయని చెప్పి, స్క్రీన్ వాటి నంబర్లూ చూపించింది. ఆయన క్రేన్ ఎక్కాడు. నేను జనం దాటకుండా నేలమీద గీసిన గీత అవతల ఎండలో నిలబడ్డాను. మొదటిది లేచింది, పక్కన దిగింది. రెండోదీ అంతే. మూడోదాన్ని లారీ మీదికి దించాక డ్రైవరు ఆ పెట్టె తలుపు మీది నంబరు చదివి, బొటనవేలు పైకెత్తాడు. నాకు ఒళ్లంతా తేలికైపోయింది. అవుతుందని ముందే తెలిసినా, అంత బరువు నేను రాసిన మాట ప్రకారం గాల్లోకి లేవడం కళ్లారా చూడటం వేరు.

ఆపరేటర్ కిందికి దిగి టీ తెప్పించాడు.

"వొచ్చే వారం ఇంకో వరస ఏత్తన్నాం. నాలుగంతస్తులు. మళ్లీ మీరే రావాలా?"

"అక్కర్లేదు అన్నా. నాలుగేయండి, ఆరేయండి. అదే సూసుకుంటాది."

వేశారు. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ నెలలోనే మేనేజరు ఇంకో యార్డు ప్రోగ్రాం నా చేతికిచ్చి, "అర్రేలతోనే రాయమ్మా" అన్నాడు. నేను అప్పటికే మొదలుపెట్టేశాను.