మామగారి లెన్సులకు అల్లుడి కెమెరా

మా ఆయనకు కుదురు లేదు. కోపంతోనే అంటున్నాను, కాదనను, కానీ నిజం కూడా. పాడైన వస్తువు కనబడితే విప్పుతారు, సరే. పనిచేస్తున్నది కనబడినా ఇంకా బాగా పనిచేయాలని విప్పుతారే, అదీ నా బాధ. వీధిలో అందరూ స్క్రూడ్రైవర్ అంటారు ఆయన్ని. జిరాక్స్ మెషిన్లు బాగుచేయడం ఉద్యోగం. మా ఇంట్లో సాసర్ల నిండా మరలే. చుట్టాలొస్తే సాసర్లు లేకుండా కాఫీ కప్పులు చేతిలో పెట్టి నవ్వుతుంటాను.

అలాంటి మనిషికి మా నాన్న ఏరికోరి తన లెన్సులిచ్చాడు. నాన్న సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేశాడు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నాడు. వయసులో ఉండగా ముచ్చటపడి, కీ ఇచ్చి తిప్పే ఫిల్మ్ కెమెరా ఒకటి కొనుక్కున్నాడట. కెమెరా తుప్పుపట్టింది గానీ లెన్సులు చెక్కుచెదరలేదు. అవి సన్నటి ఫిల్మ్ కోసం చేసినవి. ఇప్పటి పెద్ద కెమెరాలకు తగిలిస్తే బొమ్మ మధ్యలో గుండ్రంగా పడి, చుట్టూ నల్లగా మిగిలిపోతుంది. అందుకని మా ఆయన, ఫిల్మ్ బదులు బొమ్మను పట్టే గోరంత సెన్సర్ ఒకటి తెప్పించి, దానికి తగ్గట్టు బోర్డూ, అల్యూమినియం పెట్టే, ఫ్యానూ అన్నీ తనే కూర్చుకుంటూ సొంతంగా సినిమా కెమెరా తయారుచేయడం మొదలుపెట్టారు. తన లెన్సులోంచి వచ్చిన బొమ్మ ఒక్కసారి గోడమీద చూడాలని నాన్న కోరిక.

నింపాదిగా తీర్చుకునే కోరిక కాదది. నాన్నకు నీటికాసులు. చూపు అంచుల నుంచి తరిగిపోతోందనీ, పోయింది తిరిగిరాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ కంటి డాక్టరమ్మ తేల్చేసింది. ఆ రోజు నుంచి నాకు ఒకచోట కాలు నిలవదు. కూర కలుపుతూ గరిటె పట్టుకునే ఆయన గదిలోకి వెళ్ళేదాన్ని.

"అయిందా అండీ?"

"అయినట్టే. నీడల్లో కాస్త ఊదారంగు తగులుతోంది, అది పోతే..."

అది పోయింది. ఫ్యాను చప్పుడు మొదలైంది.

"చెయ్యనివ్వండి! మా నాన్న చూస్తానన్నాడు గానీ వింటానన్నాడా?"

"అల్లుడుగారిని తొందరపెట్టకే అమ్మాయ్," పక్కగదిలోంచి నాన్న.

"నువ్వూరుకో నాన్నా. వెనకేసుకురావడానికైనా హద్దుండాలి!"

నెత్తీనోరూ కొట్టుకోగా కొట్టుకోగా ఒక ఆదివారం ఖాయమైంది. తీరా పొద్దున్నే లేచి చూద్దును కదా, కెమెరా మళ్ళీ సాసర్లలో ఉంది. ఒళ్ళు మండిపోయింది. "ఫ్యానొక్కటే, ఇప్పుడే బిగించేస్తా," అన్నారు. ఆ బిగించడం మధ్యాహ్నం దాటాక అయింది.

బొమ్మ తీయడానికి నాన్ననే వరండాలో కూర్చోబెట్టాము. వెనక, దూరంగా గేటు. ఫిల్మ్ రోజుల్లో ఫోకస్‌ను కంటికి వదిలేసేవాళ్ళు కారట. కెమెరా నుంచి మనిషి దాకా టేపుతో కొలిచి, లెన్సు మీద చెక్కిన అంకె దగ్గరికి తిప్పేవాళ్ళట. ఇప్పుడూ అలాగే చెయ్యాలని నాన్న పట్టుబట్టాడు. టేపు కొస తనే ముక్కుకు ఆనించుకున్నాడు. కెమెరాకున్న అరచేతిలో పట్టేంత తెరమీద బొమ్మ బాగానే కనిపించింది.

సాయంత్రం కర్టెన్లు లాగి ప్రొజెక్టర్ పెట్టాము. గోడంత నాన్న ముఖం వచ్చింది. మసగ్గా వచ్చింది.

నాన్న లేచాడు. పాత అలవాటు కదా, తడుముకుంటూ వెళ్ళి ప్రొజెక్టర్ ఫోకస్ రింగు పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముఖం తేటపడలేదు. చెయ్యి తీసేసి, "అయితే అయిపోయిందన్నమాట," అన్నాడు నెమ్మదిగా.

మసక తన కళ్ళలోనే ఉందనీ, చూపు పూర్తిగా పోయిందనీ అనుకున్నాడు నాన్న. నిజానికి మసక నాకూ కనిపిస్తోంది.

మా ఆయన నుదురు కొట్టుకున్నారు. కొట్టుకున్న చేతికి, మోచేతి కింద, గ్రీజుతో అంటుకుని పల్చటి ఇత్తడి వాషరొకటి మెరుస్తోంది. లెన్సుకూ సెన్సరుకూ మధ్య దూరం సరిపెట్టే వాషరది. పొద్దున తీశారు, పెట్టలేదు. అది లేకపోతే లెన్సు మీది అంకెలన్నీ తప్పే.

"మామయ్యగారూ, మీ కళ్ళు కాదు, పొరపాటు నాది. వెనక గేటు ఊచలు చూడండి, ఎంత స్పష్టంగా ఉన్నాయో! ఫోకస్ మీమీద పడాల్సింది వాటిమీద పడింది."

నాన్న అప్పటికే ముఖం తిప్పేసుకున్నాడు. "మీరు చాలా మంచివారు అల్లుడుగారూ. నా కోసం అబద్ధాలాడక్కర్లేదు."

వాషరు చేతిలో పెట్టినా నమ్మలేదు. "అవునవును," అంటూ నా భుజం తట్టి వెళ్ళి పడుకున్నాడు. మా ఆయన మీద అరవాలనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

మర్నాడు ఆయన సెలవు పెట్టి వాషరు బిగించారు. ఇంకే మరా ముట్టుకోలేదు. నాన్న మా మాట కాదనలేక కూర్చున్నాడు గానీ, ఈసారి టేపు కొస నేనే పట్టుకోవాల్సి వచ్చింది. సాయంత్రం కుర్చీని తలుపువైపు తిప్పేసుకున్నాడు.

"మీరు చూసి చెప్పండి, చాలు."

"చూడ్డానికి కాకపోతే దేనికి ఇదంతా? ఇటు తిరుగు నాన్నా!" గట్టిగానే కసిరాను. కుర్చీ పట్టుకుని మనిషితో సహా తిప్పేశాను.

గోడమీద నాన్న రెప్పలార్పుతున్నాడు. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. కుర్చీలో నాన్న, చూపుకు ఒకేసారి ముఖమంతా ఆనదు కాబట్టి, తల మెల్లగా కదిలిస్తూ చూశాడు. నుదురు, కళ్ళు, చెంపల ముడతలు, మెడ దాకా దిగి మళ్ళీ పైకి వెళ్ళాడు.

"ఏమే," అన్నాడు చాలాసేపటికి, "ఇంత ముసలాణ్ణయిపోయానా?"

నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. "మరి కుర్రాడివనుకున్నావా?"

"అద్దంలో ఈమధ్య ఏదీ ఆనడం లేదు కదే. నేను పాత ముఖంతోనే తిరుగుతున్నాననుకుంటున్నాను." చెంప తడుముకున్నాడు. "ఇలా వెళితే మీ అమ్మ నన్ను గుర్తుపట్టదేమోనే."

గుర్తుపడుతుందిలే అనబోయాను.

అంతలో బొమ్మ అయిపోయి గోడ తెల్లబడింది. నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇంకోసారి వెయ్యండి అల్లుడుగారూ. బాగా చూసుకోనివ్వండి."