ఇల్లుబండికి జరమొచ్చిన రోజు

జేబులో ఫోను వేసుకుని ఊరంతా తిరిగే ఈ కాలపు పిల్లలకు చెప్తే నమ్మరు గానీ, ఫోను ఒకచోట కూర్చుని ఉంటే మనిషి దాని చుట్టూ తిరిగిన రోజులు కూడా ఉండేవి. అలా తిరిగిన మనిషిని నేను. ఇంటర్ బైపీసీ ఎలాగో గట్టెక్కి, ఆపైన ఎక్కడా సీటు రాక, కొత్తకోటలో బెంగుళూరు రోడ్డు పక్కన మా మేనమామ పెట్టిన ఎస్టీడీ బూతులో కూర్చునేదాన్ని. “పనేం లేదు బిడ్డా, ఉత్తగ కూసునుడే” అన్నాడు మామ. ఆ ఉత్తగ కూర్చోవడంలో ఎవరికి ఫోనొస్తే వాళ్లింటిదాకా ఉరికి పిలుచుకు రావడం కూడా ఉందని తర్వాత తెలిసింది. పొద్దుగూకేసరికి గొంతు, పిక్కలు రెండూ నావి కాకుండా పోయేవి. ఇప్పటికీ ఎవరైనా ‘కూర్చుని చేసే ఉద్యోగం’ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

బూతుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, పానా చాచా మెకానిక్ షెడ్డు. (అసలు పేరు వేరే ఉంది. చేతిలో పానా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కనుక ఊరందరికీ పానా చాచానే.) ఒక వేసవిలో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, ఆ షెడ్డు ముందుకు ఒక వింత బండి వచ్చి ఆగింది. వ్యాను లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, కిటికీలకు పూల పరదాలు. బెంగుళూరు నుంచి బయలుదేరిన ఒక పెద్దసారు, మేడం దాన్నే ఇల్లు చేసుకుని దేశం చూస్తున్నారట. రేడియేటరు కారుతోందని ఆగి, రాత్రి అందులోనే పడుకున్నారు. తెల్లవారేసరికి పెద్దసారుకు గుండెల్లో నొప్పి. చాచా జీపు మాట్లాడి ఇద్దర్నీ హైదరాబాదు దవాఖానకు పంపించాడు. ఆ కంగారులో మేడం బండికి తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. లోపల వాళ్ల పిల్లి ఉండిపోయింది.

పదకొండింటికి, చాచా రాసిచ్చిన మా బూతు నంబరుకు మేడం ఫోను చేసింది. “ఆయనకు తెలివొచ్చిందమ్మా. కళ్లు తెరవగానే పిల్లి ఎలా ఉందని అడిగారు. ఎండకు బండి కాలిపోతుంది, కాస్త చూస్తావా? తాళం మా తమ్ముడితో రేపు పొద్దున పంపిస్తాను, ఇక్కడ ఆయన్ని విడిచి నేను కదల్లేను.” అద్దం పగలగొట్టి పిల్లిని బయటికి తీస్తామని చాచా మాటగా చెప్పాను. ఆమె కెవ్వుమంది. తలుపో అద్దమో తెరుచుకుంటే అది దూకి రోడ్డు మీద లారీల కింద పడుతుందట. ఇంకొకటి కూడా చెప్పింది. పెద్దసారు ఉద్యోగమంతా బాయిలర్ల దగ్గర చేసిన మనిషి, ‘బాగానే ఉంది’ అంటే నమ్మడు, నంబరు చెప్పాలి. బండి లోపల వేడి ఫారెన్‌హీటులో తొంభై అయిదు దాటకూడదు. పిల్లికి ఏమైనా అయితే ఈ గుండె తట్టుకోదని డాక్టరు కూడా అన్నాడట. అంటే ఒక పిల్లి, దాని వెనక ఒక మనిషి, ఇద్దరి ప్రాణాలూ నా పిక్కల మీద పడ్డాయి.

పిల్లిని చూద్దామంటే పరదాల చాటున ఎక్కడ దాక్కుందో తోక కూడా కనపడదు. కిటికీ నాలుగు వేళ్ల సందు మాత్రమే తెరిచి ఉంది. నంబరు కావాలంటే థర్మామీటరు కావాలి. నేను సైన్సు చదివిన పిల్లను కదా, నాకు తట్టకపోతే ఎవరికి తడుతుంది? మా సందులో సూది డాక్టరు ఉండేవాడు. (జలుబుకైనా సూదే, బెణుకుకైనా సూదే.) ఆయన దగ్గర జరం చూసే థర్మామీటరు అడుక్కొచ్చి, దారం కట్టి సందులోంచి లోపలికి వేలాడదీశాను. చాచా నడుం మీద చేతులేసుకుని చూస్తున్నాడు.

“ఏం బేటీ, గాడీకి బుఖార్ వచ్చిందా? గోలీ ఎయ్యాల్నా?”

కాసేపాగి దారం లాగి చూస్తే నూటఎనిమిది. రోడ్డు దాటి వెళ్లి ఉన్నదున్నట్టు ఫోనులో చెప్పాను. అవతల మేడం గొంతు పడిపోయింది. “ఏదైనా చెయ్యమ్మా” అంది.

చేయనిది ఏముంది? చాచా గోనెసంచులు తడిపి బండి నెత్తిన కప్పాడు. నేను బోరింగు కొట్టి బిందెలు మోశాను. హోటలు నుంచి వట్టివేళ్ల తడికెలు బతిమాలి తెచ్చి కిటికీలకు కట్టాం. సోడాల దుకాణం నుంచి ఐసుగడ్డ తెచ్చి, ముక్కలు కొట్టి సందులోంచి లోపలికి జారవిడిచాం. పోయి చూస్తే నూటఎనిమిది. మళ్లీ నీళ్లు, మళ్లీ ఐసు. నూటఎనిమిది. అష్టోత్తరం చదివినట్టు ప్రతి ఫోనుకూ అదే మాట. (ఇప్పుడైతే ఆ నంబరు కొడితే అంబులెన్సు వస్తుంది. అప్పుడు పెద్దసారుకు దడ వచ్చేది.) రోడ్డుకు అటు ఇటు లారీల మధ్య ఎన్నిసార్లు దాటానో, నా చెప్పుల కిందికి తారు అంటుకుని అడుగు లేవట్లేదు. తడిసిన ఓణీ ఎండుతోంది, ఎండింది తడుస్తోంది. ఒక దశలో బండి నీడలో కూలబడి ఏడుపు ముఖం పెడితే చాచా అన్నాడు, “గింత నీళ్లు పోస్తె మా షెడ్డుల వరి పండేది బిడ్డా. గీ బండి జరం దిగుతలేదేంది?”

నాలుగింటికి మేడం మళ్లీ చేసింది. ఈసారి ఏడుస్తోంది. “ఆయన సెలైను సూది పీకేసుకున్నారమ్మా. కొత్తకోట పోదాం పదమంటున్నారు. ఇద్దరు పట్టుకున్నా ఆగడం లేదు. తగ్గిందా, చెప్పు.”

చూసొస్తానని రిసీవరు పక్కన పెట్టి ఉరికాను. మళ్లీ అదే నంబరైతే ఇంకేమైనా కానీ అద్దం పగలగొట్టాల్సిందే అన్నాను. చాచా సుత్తె అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే సూది డాక్టరు లూనా మీద దిగాడు. ఇంట్లో ఎవరికో జరమట, థర్మామీటరు కావాలి. వచ్చీరాగానే దారం లాగి, అలవాటు కొద్దీ మణికట్టుతో నాలుగు దులుపులు దులిపి, జేబులో పెట్టుకోబోయాడు.

“ఆగు సాబ్, నంబరు చూడాలె,” అన్నాను.

“నంబరేడిది? దులిపిన గద.” నా ముఖం చూసి ఆయనకు అర్థమైంది. “పొద్దుగాల్నించి ఒక్కపారన్న దులిపినవా? ఎక్కిన పాదరసం దులపకుంటె ఎట్ల దిగుతది? ఇంటరు సదివినవంట గద.”

చాచా సుత్తె కింద పెట్టి, తల పట్టుకుని, తడిగోనె మీద కూర్చున్నాడు. నేను డాక్టరు చేతిలోంచి దాన్ని లాక్కుని మళ్లీ లోపలికి వేలాడదీశాను. కాసేపటికి తీసి చూస్తే పాదరసం గీతల దాకా కూడా రాలేదు. మొదటి గీతే తొంభైనాలుగు. అది పట్టుకుని రోడ్డు దాటి వచ్చి పడ్డాను.

“మేడం, నంబరు లేదు!”

అవతల మేడం చాలా మెల్లగా, “లేదంటే... పోయిందా అమ్మా?”

“అయ్యో, పోలేదు మేడం, గీతల కిందికి దిగింది” అని, వగరుస్తూ, దులపడం సంగతంతా వరస తప్పకుండా చెప్పుకున్నాను. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. పక్కకు తిరిగి ఆయనకు చెప్తోంది. (పిల్లి గురించి మీరు బెంగపడకండి. మర్నాడు తలుపు తీస్తే చేతులు కడుక్కునే తొట్టిలో, కరిగిన ఐసు పక్కన చల్లగా పడుకుని, ఎవరు మీరంతా అన్నట్టు చూసింది. నాకైతే దాని మెడ పిసకాలనిపించింది.)

ఇంతలో ఫోనులోకి కొత్త గొంతు వచ్చింది, సన్నగా, ఆయాసంగా. “పొద్దున్నించీ రోడ్డు దాటుతున్నది నువ్వేనామ్మా?”

“అవును సార్.”

“అన్నం తిన్నావా?”

“తిన్న సార్.”

“అబద్ధం. గొంతు చెప్తోంది. డబ్బా ఉందా దగ్గర? తియ్యి. నువ్వు తినేదాకా నేను ఫోను పెట్టను.”

ఎస్టీడీలో నిమిషం ఎంత పలుకుతుందో బూతులో కూర్చునే నాకు తెలియదా? వద్దు సార్ అన్నా వినలేదు. అమ్మ కట్టిచ్చిన డబ్బా మూత తీసి, రిసీవరు చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుని పెరుగన్నం కలిపాను. అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది. మధ్యలో ఒకసారి “ఎంత అయింది?” అన్నాడు. “సగం సార్” అన్నాను. నంబరు మనిషి కదా, సగం అన్నాక కూడా ఆగి, అయిపోయిందా అని మళ్లీ అడిగాడు.

ఇప్పుడు మా అబ్బాయి ఎక్కడో ఆఫీసులో కూర్చుని వేలు కదిలించి ఇంట్లో ఏసీ వేస్తాడు, ఇరవైనాలుగుంది మమ్మీ అని చెప్తాడు కూడా. వేళ్లు ముడతలు పడ్డ నేను సరే బిడ్డా అంటాను. ఆ తారంటిన చెప్పుల పిల్ల మాత్రం అప్పుడప్పుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, బాగా అలిసిపోయిన రోజుల్లో మరీను. ఆ రోజు పెరుగన్నంలో అమ్మ ఉప్పు వేయడం మరిచిపోయిందట. రాత్రి ఆమె చెప్పేదాకా నాకు తెలియనే లేదు, కళ్లనీళ్లు కారుతుంటే తిన్నాను మరి.