చావనని మొండికేసిన రాజు

మా షోకేసు అద్దం జరిపితే చాలు, పొణికి కర్ర, పాత వార్నిష్ కలిసిన వాసన గుప్పుమంటుంది. అది నిర్మల్‌లో చేయించిన మా పెద్దబాపు కిరీటం వాసన. దాని వెంటే సుల్తానాబాద్ దగ్గరి మా ఊరు, గునుగు పూలకు అద్దిన రంగులు, సద్దుల బతుకమ్మ నాడు అవ్వ పంచిన మలీద ముద్దలు, నాటకం రిహార్సల్లో దగ్గుతూ పలికే హార్మోనియం, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తాయి.

పెద్దబాపు మల్లేశం, అంటే మా బాపుకు అన్న, దసరా మర్నాడు ఆడే ఊరి నాటకంలో ఎప్పుడూ రాజే. ఎవరికీ తల వంచని రాజు కథ అది. ముని గుడిసె గుమ్మం చిన్నదైనా వంగనంటాడు, ఆ గర్వంతోనే అందరినీ దూరం చేసుకుంటాడు, చివరికి శత్రువు కత్తికి కూలి అతని కాళ్ల దగ్గరే చస్తాడు. ఆ వేషానికి పెద్దబాపుకు మొహాన రంగు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. పెళ్లిలో తనకన్నా ముందు ఎవరికి విస్తరి వేసినా ముద్ద ముట్టకుండా లేచొచ్చే మనిషి. కిరీటం ఊళ్లో ఎవరూ చూడనంత ఎత్తుండాలని దానికి ఇంకో అంతస్తు వేయించాడు. అది పెట్టుకుంటే సొంతింటి దర్వాజ దాటలేడు. వంగితే దాటొచ్చు, కానీ వంగడు. చేత పట్టుకుని వాకిట్లోకి వచ్చాకే తలకు పెట్టుకునేవాడు.

ఆ ఏడు శత్రువు వేషం పెద్దమ్మ తమ్ముడు రాజేశం మామకు వచ్చింది. మా దిక్కు దసరా సాయంత్రం చిన్నవాళ్లు పెద్దల చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు, ఆ తర్వాత అలయ్ బలయ్ అని కౌగిలించుకుంటారు. వేషాల దగ్గర మాటా మాటా పెరిగి మామ ఆ సాయంత్రం రాలేదు. బావే పిలవాలని ఆయన, బామ్మర్దే రావాలని ఈయన. మధ్యలో పెద్దమ్మ, పుట్టింటి దారి ఎక్కడ మూసుకుపోతుందోనని, వండిన మాంసం కూర ముట్టకుండా కొంగుతో కళ్లొత్తుకుంటూ తిరిగింది. తెల్లారి నాటకం. "వాని కాళ్లకాడ పడి సచ్చుడు నాతోని గాదు" అని పెద్దబాపు పొద్దున్నే తేల్చేశాడు.

అన్నంత పనీ చేశాడు. మామ పొడిచాడు, రాజు చావలేదు. మళ్లీ పొడిచాడు, రాజు మీసం దువ్వాడు. హార్మోనియం వాయించే ఆయన చావు రాగం ఎత్తుకుని, దించే దారి లేక చెమటలు తుడుచుకుంటున్నాడు. ముందు కూర్చున్న ఒక ముసలమ్మ "ఇగ సావు కొడుకా, బర్రెలు పిండే యాళ్లయింది" అని బతిమాలింది. రాజు వినలేదు. ఏం చేయాలో తెలియక మామ తెర పక్కకు జరిగి నిలబడితే, రాజు నిక్షేపంగా బతికుండి, ఛాతీ విరుచుకుని ఆ తెరలోంచే లోపలికి నడిచాడు. కాస్త వంగి ఉంటే సరిపోయేది. పై అంతస్తు తెర తాడుకు తగులుకుంది. తాడు, తెర, వెదురు బొంగు, రాజు, అన్నీ కలిసి వెళ్లి మామ కాళ్ల మీద పడ్డాయి. గర్వమే రాజును కూల్చిందని చెప్పే నాటకం మా ఊళ్లో తాడుతో సహా రుజువైంది.

అంత గొప్ప చావు ఎన్నడూ చూడలేదని జనం ఒకటే చప్పట్లు. తెర కింద నుంచి పెద్దబాపు గొంతు వినిపించింది.

"నేను మొక్కలే. పడ్డ."

మామ కత్తి పక్కన పెట్టాడు. తనూ మోకాళ్ల మీద కూలబడి, తెరలోంచి బయటికి వచ్చిన బావ కాళ్లు పట్టుకున్నాడు. "నేను సుత పడ్డ బావా" అన్నాడు. నడుముకు చెక్కుకున్న, నిన్నటిదై వాడిపోయిన జమ్మి ఆకు తీసి ఆయన చేతిలో పెట్టాడు. జనం మధ్యలో పెద్దమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ నవ్వంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

ఆ నాటకం వేసిన చోట ఇప్పుడు ఫంక్షన్ హాలుంది. హార్మోనియం లేదు, పెద్దబాపు లేడు, జమ్మి ఫోన్లో బొమ్మై వస్తోంది. కరీంనగర్‌లో మేం కట్టుకున్న ఇంటి దర్వాజలు ఎత్తైనవి, వంగాల్సిన పని ఎవరికీ లేదు. మొన్న దసరాకు రాజేశం మామ కర్ర పట్టుకుని వచ్చాడు. షోకేసు తీయించి, కిరీటం ముందు జమ్మి ఆకు పెట్టి, చాలాసేపు తల దించుకుని నిలబడ్డాడు. బావకు మొక్కుతున్నావా మామా అని అడిగాను.

"మొక్కుతలేను బిడ్డా, నడుము వంగింది" అన్నాడు.