తాగాను కాదు, తాగినాను

నలుగురిలో నోరు విప్పని నేను ఒకే ఒక్కసారి విప్పాను. ఆ ఒక్కసారికే పేరుమోసిన నవలా రచయిత చేతిరాతను దొంగరాతని తేల్చేశాను. నవ్వుకోండి, కానీ మార్కాపురం వచ్చి నా ఎదుట నవ్వకండి.

మా ఊరి గ్రంథాలయంలో ఆయనకు సన్మానం. ఆయన సంతకం చేసిన పుస్తకాలు ఎవరు తెచ్చినా అద్దాల బీరువాలో పెడతామన్నారు. ఆయన నవలలన్నీ చదివిన పాపానికి, అసలేదో నకిలీ ఏదో తేల్చే పని నాకు అప్పగించారు. భూతద్దం పట్టుకుని హత్యకేసు విచారించే అధికారిలా కూర్చున్నాను.

పొదిలి రోడ్డు పక్కన మేకలు పెంచుకునే సుబ్బమ్మవ్వ గుడ్డలో చుట్టిన పుస్తకంతో వచ్చింది.

"బస్సు చెడిపోయి ఆయన మా కొట్టం కాడ కూసున్నాడు పాపా. మజ్జిగిస్తే తాగి, ఈ బుక్కు ఇచ్చినాడు. ఎవురూ నమ్మరు. నువ్వన్నా సూసి చెప్పు."

లోపల ఇలా ఉంది: "సుబ్బమ్మవ్వ మజ్జిగ ఇచ్చింది. కడుపు నిండా తాగినాను." 'తాగినాను'కు ముందు ఏదో రాసి కొట్టేశారు. కింద సంతకం అచ్చం ఆయనదే. కానీ నా పాండిత్యం ఊరుకుంటుందా?

"ఇది ఆయన రాత కాదవ్వా. అంత పెద్దాయన 'తాగాను' అని రాస్తాడు గానీ, మన మాదిరి 'తాగినాను' అని రాస్తాడా? ఈ కొట్టివేత చూడు. ఎవరో నిన్ను మోసం చేసినారు."

"అయితే దీనికి విలువ లేదా?"

"పాత పుస్తకాల దుకాణంలో కూడా తీసుకోరు."

అవ్వ ముఖం చిన్నబోయింది. "పోనీలే. మజ్జిగైతే నిజంగానే తాగినాడు" అంటూ పుస్తకాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టుకుని చివరి కుర్చీలో కూర్చుంది.

సాయంత్రం రచయిత లోపలికి వస్తూ సరిగ్గా ఆ కుర్చీ దగ్గరే ఆగారు. "అవ్వా, పుస్తకం ఒళ్ళో దాచుకున్నావేం?"

"నీ రాత కాదంట నాయనా."

"అదేంటి? నేను 'తాగాను' అని రాసి చదివితే, 'మా తావున తాగినాను అంటారు' అని కొట్టేయించింది నువ్వే కదా. ఎవరన్నారు నా రాత కాదని?"

బల్ల కింద నాకు చోటు సరిపోతుందా అని చూసుకుంటున్నాను. అవ్వ నా వైపు కన్నెత్తకుండా, "ఎవురో దావన పోయేటోళ్ళులే" అంది.

ఆ మాటతో నాకు నోరు పెగిలింది. "నేనేనండి."

ఆయన పెద్దగా నవ్వి, అవ్వ పుస్తకాన్ని తన చేతులతోనే బీరువాలో పెట్టారు. తర్వాత నా పుస్తకం అడిగి తీసుకుని రాశారు: "ఇది నిజంగా నేనే రాసినాను."

నేను చదివి వినిపిస్తే, "ఇప్పుడు కరెట్టు" అంది అవ్వ.

ఆమె నా పేరు చెప్పి ఉంటే, నేను ఇప్పటికీ ఆ బల్ల కిందే ఉండేదాన్ని. అందుకే మర్నాడు ఆమె కొట్టానికి వెళ్ళి, ఆమె పోసిన మజ్జిగ గ్లాసు సాక్షిగా, ఇక ఎవరి సంతకాన్నీ పరీక్షించనని ఒట్టు వేశాను. తప్పు తప్పు, వేసినాను.