మొదటి పాట మా ఇంటిది

ఆ వయసులో, అంటే పంతొమ్మిదేళ్ళప్పుడు, నాకు రాని పని లేదని నాకు గట్టి నమ్మకం. అలాంటి నమ్మకం వదలడానికి చాలామందికి ఏళ్ళు పడుతుంది. నాకు ఒక్క పాట సరిపోయింది. (అదీ పూర్తిగా పాడాను. చిక్కంతా అక్కడే వచ్చింది.)

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో, తార్‌బహార్ పేటలో, మా రైల్వే తెలుగువాళ్ళ రామమందిరంలో ప్రతి శనివారం సాయంత్రం భజన జరుగుతుంది. రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా తాత మొదలుపెట్టిన భజన అది. అందుకని మొదట పాడే గణపతి పాట మా ఇంటిదే. తాత తప్ప మరొకరు దాన్ని ఎత్తుకోగా నేను చూడలేదు. ఆ ఏడు తాతకి గొంతు ఆపరేషను అయి, మాట గుసగుసగా మిగిలింది. రెండు శనివారాలు భజన జరగలేదు. భజనకి పెద్ద అయిన గార్డు మావయ్య మా ఇంటికొచ్చి, మొహమాటపడుతూనే చెప్పాడు. "ఏటి సెయ్యమంటారు మావా. మీ ఇంట్లో ఎవులైనా ఎత్తుకుంటే సరే. నేదంటే ఈ శనారం నుంచి మొదటి పాట వేరే ఇంటికి ఇచ్చీవాలి." తాత తలూపాడు. భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. నాకు చూడబుద్ధి కాలేదు. "నేను పాడతాను" అనేశాను.

నాకు వచ్చిన తెలుగు పాట ఒక్కటే. చిన్నప్పుడు భజన జరుగుతున్నంతసేపూ మందిరం బయట ఆడుకుంటూ, ప్రసాదం వేళకి మాత్రం లోపలికి దూరేదాన్ని. ఆ వేళకి పాడేది మంగళహారతి. కాబట్టి అది నాకు కంఠతా వచ్చు. పాటంటే పాటే కదా, ఏదైతేనేం అనుకున్నాను. పుస్తకం చూసి ఇంకోటి నేర్చుకుందామంటే తెలుగు చదవడం రాదు, నాది హిందీ మీడియం. ఎవరినైనా అడుగుదామంటే పరువు అడ్డం. వారమంతా స్నానాల గదిలో కుళాయి విప్పి మరీ సాధన చేశాను. (ఇంట్లోవాళ్ళు విన్నారట. పిల్లకి ఇన్నాళ్ళకి భక్తి కుదిరిందని సంతోషించారట.)

శనివారం వచ్చింది. పాడేవాళ్ళు కళ్ళు మూసుకుంటారు కనుక నేనూ మూసుకుని, ఒక్క బిగిన పాడేశాను. కళ్ళు తెరిచేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. నా పాట మెచ్చే లేచారనుకుని ఒక్క క్షణం పొంగిపోయాను. మంగళం ఎత్తుకున్నాక మా దగ్గర ఎవరూ కూర్చోరన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అలవాటు కొద్దీ ఒకాయన కర్పూరం వెలిగించేశాడు. గార్డు మావయ్య తన చుట్టూ తాను తిరిగేస్తున్నాడు. ఇద్దరు మామ్మలు చెప్పులు వెతుక్కుంటున్నారు. ప్రసాదం వండే అత్త గరిటెతో పరుగెత్తుకొచ్చి, "అప్పుడే హారతేటి? శనగలు ఇంకా ఉడకనేదు" అంది.

తిరగడం ఆపి మావయ్య నావైపు చూశాడు. "రాగానే లేపేసినావేటే అమ్మలూ. మంగళం పాడేసినాక మళ్ళీ మొదలెట్టకూడదు. ఇయ్యాల్టికి భజన అయిపోయినట్టే." సిగ్గుతో తల దించుకుని, ఓరగా తాతని చూశాను. తువ్వాలు మళ్ళీ ఆయన చేతిలోకి వచ్చింది. మొదటి పాట మా ఇంటి నుంచి పోయింది, అదీ నా చేతుల మీదుగా పోయింది అనుకునేసరికి ఏడుపొచ్చింది.

లేవని మనిషి ఒక్క ఢోలక్ కాకా. తాతతో షెడ్డులో పనిచేసిన ఛత్తీస్‌గఢీ ఆయన, పక్క స్టేషను గతౌరా నుంచి రైల్లో వచ్చి మా భజనకి వాయిస్తాడు. తెలుగు ముక్క రాదు. ఏ పాట తర్వాత ఏ పాటో మాత్రం మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు. "అభీ తో గణేశ్‌జీ ఆయే హీ నహీ, బిటియా" అన్నాడు నింపాదిగా. (గణపతి ఇంకా రానే లేదు కదమ్మా అని.) అని ఊరుకోకుండా గణపతి పాట దరువు అందుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆ దరువుకి తాళం వేసిన చేతులు మరి ఆగలేదు. ముందు తాత కూర్చున్నాడు. "అచ్ఛా, కానీండి" అంటూ మావయ్య కూలబడ్డాడు. మామ్మలు చెప్పులు వదిలి లోపలికొచ్చారు.

అందరూ తాళం వేస్తున్నారు గానీ ఎవరూ గొంతెత్తలేదు. ఆ పాట మా ఇంటిది కదా. తాత నా మోకాలి మీద తాళం వేస్తూ, నా మొహంలోకి చూస్తూ పెదవులు కదిపాడు. బయట ఆడుకుంటూ విన్న ఆ పాట, నాకు రాదనుకున్న పాట, సగానికి సగం నాలోనే ఉంది. మిగతాది ఆయన పెదవుల మీద చూసి అందుకున్నాను. మాట అందని చోటల్లా ఆగిపోయాను. నేను ఆగిన చోటల్లా కాకా కూడా దరువు ఆపి, నాకు మాట దొరికేదాకా కాచుకున్నాడు. పాట అయ్యాక తాత నా చెవి దగ్గరికి వంగి, "శ్రుతి నేదు. వొచ్చే శనారం కూడా నువ్వే" అన్నాడు.

తాత ఇప్పుడు లేడు. కాకా ఈ వయసులోనూ రైలెక్కి వస్తూనే ఉన్నాడు. మొదటి పాట నేనే ఎత్తుకుంటున్నాను. శ్రుతి కొంచెం కుదిరింది, మాటలన్నీ ఎప్పుడో వచ్చేశాయి. అయినా ఆ రోజు నేను ఆగిన చోట్లన్నిటా కాకా ఒక్క దెబ్బ ఆపుతాడు, నేనూ ఆగుతాను. ఈమధ్య నా దగ్గర నేర్చుకుంటున్న పిల్లలు కూడా సరిగ్గా అక్కడే ఆగి పాడుతున్నారు. పాటే అలా ఉంటుందనుకుంటున్నారు. నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. పిల్లలు బాగా పాడుతున్నారు, ఊరుకున్నాను.