వేడి అనుకున్న జబ్బు

మా గోదావరి జిల్లాల్లో ఏ జబ్బు వచ్చినా ముందు వేడి చేసిందంటారు. నోరు పూసినా వేడే, కళ్లు ఎర్రబడినా వేడే. నిడదవోలులో హైస్కూలు పిల్లలకు సైన్స్ చెప్పే నేను కూడా ఆ మాటే పట్టుకుని వేలాడాను.

నా మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు చాలాకాలంగా ఉన్నాయి. అది సోరియాసిస్ అని, అంటుకోదని చర్మం డాక్టరు గారు ఏనాడో చెప్పారు. అది నాకు తెలుసు, ఊరికి తెలియదు. ఇంటర్ చదివే కూతురుంది, వాళ్ల నాన్నకి తోలు జబ్బట అంటే రేపు సంబంధాలు ఎలా వస్తాయి? అందుకని రోహిణి కార్తెలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కానే వేసుకునేవాణ్ణి.

తరువాత కడుపునొప్పి మొదలైంది. తిన్న గంటకల్లా కుడివైపు కింద మెలిపెట్టేది. మా ఆవిడ సబ్జా నీళ్లు, సగ్గుబియ్యం జావ పట్టింది. "ఆవకాయ మానండి, అదే చల్లబడుద్దండి" అంది. ఆవకాయ మానేశాను, నొప్పి మానలేదు. ఒకరోజు విరేచనంలో రక్తం పడింది. భయమేసింది. మొలలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రాజమండ్రిలో కడుపు డాక్టరు గారు "వేరే జబ్బులేమన్నా ఉన్నాయాండి?" అని అడిగారు. "ఏం లేవండి" అన్నాను. తోలుకీ పేగుకీ సంబంధమేంటని నా తెలివి. ఆయన రాసిన మాత్రలు ఆర్నెల్లు మింగాను. ఈలోగా బెల్టుకు రెండు కొత్త బెజ్జాలు పడ్డాయి.

చివరికి వాంతులు ఆగక మళ్లీ అక్కడికే వెళ్లాం. సెలైన్ పెట్టడానికి నర్సు నా చొక్కా చెయ్యి పైకి మడిచింది. డాక్టరు గారు మాట ఆపేసి మోచెయ్యి వంక చూశారు.

"ఇదెన్నాళ్ల నుంచండి?"

"పదేళ్లండి."

"మరి అడిగితే లేదన్నారేంటండి?"

మడిచిన చొక్కా చెయ్యి కిందికి లాక్కోబోయాను. సోరియాసిస్ ఉన్న కొందరిలో, ఒంటిని కాపాడాల్సిన శక్తే పేగు మీద కూడా తిరగబడుతుందట. పరీక్షలన్నీ చేశారు. నా పేగు పుండ్లు పడి, గట్టిపడి, దారి మూసుకుపోయింది.

"అప్పుడే చెప్పుంటే ముందే పరీక్షలు చేసి మందులు వాడేవాళ్లం. ఇప్పుడా ముక్క తీసెయ్యాలండి" అన్నారు.

ఆయన వెళ్లాక మా ఆవిడ మంచం దగ్గరికి వచ్చింది. "అమ్మాయికి మోకాళ్ల మీద పొట్టు లేస్తోందండి. నాన్నకి చెప్పొద్దని ఒట్టేయించుకుంది" అంది.

ఎవర్ని చూసి నేర్చుకుందో నేను అడగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అన్నం తింటోందా?" అన్నాను.

"సగంలోనే కడుపు పట్టుకుని లేచిపోతోందండి."