తౌఫీక్ పేరు మీద పెట్టె

తౌఫీక్ శల్హూబ్‌కు పరిశోధన అంటే ఏమిటో తెలియదని కాదు. నలభై ఏళ్లు బీరూట్‌లో ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దిన మనిషి. ఊళ్లోని పండితులందరి తప్పులూ ఆయన కళ్ల ముందు నుంచే వెళ్లాయి. పత్రిక మూతపడింది, మరుసటి ఏడాది భార్య పోయింది. అప్పటి నుంచి ఆయన యూనివర్సిటీ గ్రంథాలయంలో పాత కాగితాలు, ఫొటోలు భద్రపరిచే విభాగానికి పరిశోధకుడి వేషంలో వెళుతున్నాడు. చేరేటప్పుడు దేని మీద పరిశోధన అని అడిగితే, కిటికీలోంచి కనబడే వీధిలో ఒకప్పుడు ట్రాము నడిచేదని గుర్తొచ్చి "ట్రాముల మీద" అన్నాడు. ఆ మాటకు కట్టుబడి ఏళ్ల తరబడి అదే ట్రాముల పెట్టె తెప్పించుకుని, అవే టికెట్లు తిరగేస్తున్నాడు.

అసలు సంగతి, ఇంట్లో ఉండలేకపోవడం. ఇంట్లో కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక, వీధి జనరేటరు నడిపేవాడు ఎప్పుడు కట్టేస్తాడో వాడికే ఎరుక. వాటితో ఎలాగో సర్దుకోవచ్చు. పొద్దున లేచి కాఫీ కాచి, అలవాటు చొప్పున రెండు కప్పుల్లో పోయడంతో మాత్రం ఆయన సర్దుకోలేకపోయాడు. ఆ చదువుల గదిలో ఎవరూ మాట్లాడరు, నిజమే. కానీ మనుషులున్న చోట మాట్లాడకుండా ఉండటం వేరు, మనుషులు లేని చోట మాట్లాడకుండా ఉండటం వేరు.

ఆ గదికి దాని మడి దానికుంది. కోటూ సంచీ బయట అలమరాలో పెట్టి తాళం వేయాలి. పెన్ను ముట్టరాదు, పెన్సిలే. కాఫీ ఊసెత్తరాదు. బీరూట్ మనిషికి అంతకు మించిన శిక్ష మరొకటి లేదు. పెట్టెలు కొండ మీది గోదాము నుంచి వ్యానులో రావాలి కాబట్టి, ఒకసారి వచ్చిన పెట్టెను తెప్పించుకున్నవారి పేరు మీద కౌంటరు వెనక ఉంచుతారు. వాళ్లు వారం రోజులు రాకపోతే గోదాముకు తిరిగి పంపేస్తారు. ఒకరి పేరు మీదున్న పెట్టె ఇంకొకరికి ఇవ్వరు, ఆ మనిషే వచ్చి వదులుకోవాలి.

కౌంటరులో ఉండే నుహా నలభై ఏళ్ల మనిషి. నోరు మంచిదే కానీ దానికి మూత లేదు. "తౌఫీక్ బాబాయ్, ట్రాములు షెడ్డుకెళ్లి యుగాలైంది, మీ పరిశోధన మాత్రం ఇంకా మొదటి స్టాపు దాటలేదే" అని గదంతా వినబడేలా గుసగుసలాడేది. ఆయన నవ్వేసేవాడు. రోజు మొత్తం మీద ఆయనతో ఎవరైనా అనే మాట ఒక్కోసారి అదొక్కటే.

ఆ శీతాకాలం ఆయన ఎదుటి బల్లకు విదాద్ అనే ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, కొండ మీది పల్లె నుంచి షేరు టాక్సీలో దిగేది. మధ్యాహ్నం గది మూసి అందరినీ బయటికి తోలినప్పుడు మెట్ల మీద కూర్చుని, వాము ఆకు పొడి చల్లి కాల్చిన రొట్టె విప్పేది. రెండో రోజో మూడో రోజో అందులో సగం తుంచి, ఆయన వైపు చూడకుండానే చాపింది. ఆయనా ఆవిడ వైపు చూడకుండానే అందుకున్నాడు. అప్పటి నుంచి ఆయన ఇంట్లో మధ్యాహ్నం వంట మానేశాడు.

ఆ మెట్ల మీదే ఆవిడ తన సంగతి చెప్పింది. తల్లి పురిట్లోనే పోయింది, ఇంట్లో ఒక్క ఫొటో లేదు. పెళ్లికి ముందు తల్లి పట్టు మిల్లులో పని చేసేదట, ఒక ఫొటోగ్రాఫరు వచ్చి మిల్లు పిల్లలను వరసగా నిలబెట్టి ఫొటోలు తీశాడట. ఆ ఫొటోగ్రాఫరు పెట్టెలన్నీ ఇప్పుడిక్కడ చేరాయి. ఒక్కొక్కటే చూస్తూ వస్తోంది, ఇంకొక్కటే మిగిలింది.

"మరి ఎలా పోల్చుకుంటారు?" అని తౌఫీక్ అడిగాడు.

"అచ్చం నేనేనట మాష్టారూ, మా పిన్ని చెప్పేది. రోజూ అద్దంలో చూసుకునే మొహమే కదా, తెలియకుండా పోతుందా?"

ఆ చివరి పెట్టె గోదాము నుంచి వచ్చిన రోజున ఆవిడ రాలేదు. జ్వరమని కబురు చేసిందని నుహా చెప్పింది. ఇంతలో పైకప్పు మరమ్మతులకు గది మూసేస్తారని, శుక్రవారమే ఆఖరని, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదని గోడకు నోటీసు అంటించారు. తౌఫీక్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. వారం నిండేది బుధవారానికి. ఆ రోజు పెట్టె గోదాముకు పోతే ఆవిడ మళ్లీ కొండ దిగదు. తల్లి మొహం మాట అటుంచి, తన సగం రొట్టె కూడా అంతటితో సరి. రెండింటిలో ఏది ఎక్కువ బాధించిందో ఆయనను అడగకుండా ఉండటమే మర్యాద.

బుధవారం సాయంత్రం, ఆవిడ గడువు తీరగానే, ఆ పెట్టెను తన పేరు మీద ఉంచమని అడిగాడు. ఆవిడ కోసమని ఒక్క మాట అంటే పోయేది. కానీ నుహా నోరు తెలిసినవాడు, ఈ వయసులో తన మీద నవ్వులు ఎందుకని, పరిశోధన కాస్త పెరిగిందని అబద్ధమాడాడు. "అయితే ట్రాము దిగి పట్టు మిల్లుకు బయలుదేరారన్నమాట" అంది నుహా, పేరు మార్చేస్తూ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

గురువారం ఆయన భార్య ఆత్మశాంతికి చర్చిలో ప్రార్థన. ఏడాదికి ఒక్కసారి. వెళ్లక తప్పదు, వెళ్లాడు. రాత్రంతా కరెంటు లేక ఫోను చచ్చిపోయి జేబులో పడి ఉంది.

సరిగ్గా ఆ రోజే విదాద్ వచ్చింది. జ్వరం పూర్తిగా తగ్గకుండానే, శాలువా కప్పుకుని. నుహాకు సెలవు. పై అంతస్తు నుంచి వచ్చి కూర్చున్న ఇలియాస్‌కు రూల్సు తప్ప మనుషులు తెలియరు. పెట్టె వేరొకరి పేరు మీద ఉందన్నాడు. ఎవరి పేరో చెప్పకూడదన్నాడు. ఆ మనిషికి ఫోను చేశాడు కూడా, పాపం, పలకలేదు. ఆవిడ మూసే దాకా కూర్చుని వెళ్లిపోయింది.

మంచికి పోతే చెడు ఎదురైందని అంటారు. శుక్రవారం పొద్దున గడ్డం గీసుకుని, తానే రెండు రొట్టెలు కొనుక్కుని వచ్చిన తౌఫీక్‌కు నుహా ఈ కథంతా చెప్పింది. ఆయన మొహం చూసి ఎగతాళి మానేసి, ఎవరి కోసం పెట్టె ఆపారో అడగకుండానే, ఆవిడ నంబరు కలిపింది. రాత్రి కొండ మీద మంచు పడిందట, దారి మూసేశారట. ఇంకేదో కూడా విని నుహా తల వంచుకుంది. రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి మెల్లిగా చెప్పింది.

"నిన్న మీ కోసం చూసిందట బాబాయ్. మాష్టారుంటే ఎవరినో ఒకరిని బతిమాలి ఇప్పించి ఉండేవారని అంటోంది."

ఆయన ఫోను తీసుకున్నాడు.

"ఆ పెట్టె నా పేరు మీదే ఉందండీ. మీ కోసమే ఆపాను. ఎవరికీ చెప్పలేదు, అదే నా బుద్ధి తక్కువ."

ఆవిడ కోపం లేకుండానే, "పెట్టె ఇప్పుడు మీ దగ్గరే ఉందా? ఒక్కసారి చూడండి మాష్టారూ. నేను ఇలాగే పట్టుకునుంటాను" అంది.

నుహా పెట్టె తెచ్చి కౌంటరు మీదే విప్పింది. అలా విప్పకూడదు, అయినా విప్పింది. ఒక్కొక్క ఫొటో అంచులు పట్టుకుని తీశాడు. తలకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు, వరసకు పది మంది, పన్నెండు మంది, అందరూ నేరుగా ఆయన మొహంలోకే చూస్తున్నారు. ఒకమ్మాయి దగ్గర ఆగాడు, ఇంకొకమ్మాయి దగ్గర ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు. విదాద్‌ను తలుచుకోబోతే రొట్టె తుంచే వేళ్లు వచ్చాయి, వంచిన తల మీది పాపిడి వచ్చింది, కళ్లజోడు గొలుసు వచ్చింది. మొహం మాత్రం రాలేదు. శీతాకాలమంతా రోజూ ఎదురుగా కూర్చున్న మనిషి. ఆ గదిలో ఆయన ఏడవకుండా నిలబడ్డాడంటే అది నుహా పక్కనుండబట్టే.

"ఏమ్మా, నీకైనా తెలుస్తుందా?" అని అడిగాడు. నుహా ఫొటోల వంకా ఆయన వంకా చూసి, నేనూ గుర్తింపు కార్డు మీది పేరే చూసేదాన్ని బాబాయ్ అని ఒప్పుకుంది.

ఉందని అబద్ధం చెప్పవచ్చు. లేదనీ చెప్పవచ్చు. ఒక అబద్ధం చేసిన పని చాలు అనుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"విదాద్ గారూ, ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎవరో పోల్చుకోలేకపోతున్నాను. మీ మొహం నేనెప్పుడూ సరిగ్గా చూడలేదండీ."



"పోనీలెండి మాష్టారూ," అంది ఆవిడ. "నేను మాత్రం మిమ్మల్ని చూశానా ఏమిటి."